ఎలుక వేషం కట్టిన పలక

లినక్సు వాడేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే రెండు గొడవలు తప్పవు. ఒకటి, ఏ డిస్ట్రో గొప్పదని. రెండోది, టచ్‌ప్యాడ్. మొదటిదానికి జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. రెండోదానికి మాత్రం ఉంది. కాకపోతే అది సెట్టింగుల్లో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఇదేదో పెద్ద మాటలా అనిపిస్తే చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

కర్సరు ఉన్నట్టుండి మూలకి గెంతడం, మూత వేసి తీసేసరికి ప్యాడ్ చచ్చి ఊరుకోవడం, టైపు చేస్తుంటే అరచెయ్యి తగిలి సగం వాక్యం వేరే పేరాలోకి పోవడం, వేలితో తడితే క్లిక్ అవ్వకపోవడం... వీటన్నిటికీ మనవాళ్ళు పెట్టిన పేరు ఒక్కటే: "లినక్సులో టచ్‌ప్యాడ్ సరిగా పనిచెయ్యదు." ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు జబ్బులున్నాయి. ఒక్కోటీ ఒక్కో కాలంలో పుట్టింది. ఏ కాలంలో పుట్టిందో తెలిస్తే మందు వెతకడం తేలిక.

ముందు ఈ పలక ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

మొదట్లో లాప్‌టాపుల్లో టచ్‌ప్యాడ్ లేదు. కొన్నిట్లో గోళీలా తిరిగే ట్రాక్‌బాల్ ఉండేది. దాంట్లో దుమ్మూ ధూళీ చేరి మాటిమాటికీ తుడుచుకోవాల్సి వచ్చేది. 1988లో జార్జ్ గెర్‌ఫైడ్ అనే అమెరికన్, వేలి స్పర్శతో కెపాసిటెన్సు మారడాన్ని కనిపెట్టే ప్యాడ్ తయారుచేశాడు. పలక కింద అడ్డంగా నిలువుగా సన్నటి తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ తీగల మధ్య ఉన్న విద్యుదావేశం రవ్వంత మారుతుంది. ఆ మార్పు ఏ తీగల దగ్గర ఎంత ఉందో కొలిచి, వేలు ఎక్కడుందో చిప్పు లెక్కకడుతుంది. 1994లో యాపిల్ తన పవర్‌బుక్ 500 వరుసలో ట్రాక్‌బాల్ తీసేసి దీన్ని పెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే లాప్‌టాప్ అంటే పలక ఉండాల్సిందే అన్నట్టు అయిపోయింది.

ఇంకోవైపు సినాప్టిక్స్ కథ. 1986లో ఈ కంపెనీ పెట్టినవాళ్ళు ఇద్దరూ సామాన్యులు కారు. ఒకరు 1971లో వచ్చిన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసరు వెనకున్న ఫెడెరికో ఫాగ్గిన్. రెండోవారు కాల్‌టెక్ ప్రొఫెసరు కార్వర్ మీడ్. వాళ్ళు మొదలుపెట్టింది మెదడులోని నరాల అల్లికని చిప్పు మీద తయారుచేద్దామని. కంపెనీ పేరులో ఉన్న సినాప్స్ అదే. మెదడు సంగతి ఏమైనా, చివరికి ప్రపంచంలో ఎన్నో లాప్‌టాపుల్లో వాళ్ళ టచ్‌ప్యాడ్ చేరింది. (న్యూరల్ నెట్‌వర్కుల పేరు చెబితే డబ్బులు కురుస్తున్న ఈ రోజుల్లో ఈ సంగతి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.)

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. కొత్త పరికరం వచ్చింది, బానే ఉంది. దాన్ని కంప్యూటరుకి ఎలా పరిచయం చెయ్యాలి? 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో పాటు మౌసుకి ఒక గుండ్రటి కనెక్టరూ, మాట్లాడే పద్ధతీ ఇచ్చింది. మౌసు ఒక్కో కదలికకి మూడు బైట్లు పంపిస్తుంది. మొదటి బైటులో ఏ బటన్లు నొక్కారో, రెండోదాంట్లో పక్కకి ఎంత జరిగిందో, మూడోదాంట్లో పైకో కిందకో ఎంత జరిగిందో ఉంటుంది. అంతే. ఈ భాష చాలా కంప్యూటర్లకి వచ్చు.

టచ్‌ప్యాడ్ తయారీదారులు తెలివైన దారే ఎంచుకున్నారు. పలక తనని తాను మౌసునని చెప్పుకుంటుంది. మన పగటివేషగాళ్ళు ఇంటి ముందుకొచ్చి ఇవాళ నారదుడు, రేపు శక్తి అన్నట్టు నిలబడతారే, అలాగ. విండోసు పెట్టినా, డాస్ పెట్టినా, లినక్సు పెట్టినా కర్సరు కదులుతుంది. ప్రత్యేకంగా ఏ డ్రైవరూ అక్కర్లేదు, మామూలు మౌసుదే చాలు. అమ్మడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఈ వేషానికో ఖరీదు ఉంది. పలకకి నిజానికి చాలా తెలుసు. వేలు ఫలానా చోట ఉంది, ఇంత గట్టిగా అదిమారు, ఇది వేలంత వెడల్పా అరచెయ్యంత వెడల్పా, ఉన్నది ఒక వేలా రెండా... మౌసు భాషలో వీటిలో దేనికీ మాట లేదు. "ఇంత జరిగాను" అన్న ఒక్క మాటే ఉంది. అరచెయ్యి తగిలినా జరిగాను, వేలు తగిలినా జరిగాను. అరచేతినీ వేలినీ విడదీసే సమాచారం ఆపరేటింగ్ సిస్టం దాకా చేరనే చేరదు. పైన ఎంత గొప్ప సాఫ్టువేరు రాసినా, అందని సమాచారంతో ఏం చేస్తుంది?

మరి వేషం విప్పించడం ఎలా? దానికి సినాప్టిక్స్ వాళ్ళు చేసిన ఏర్పాటు నాకు భలే ఇష్టం. మౌసుకి ఇచ్చే మామూలు ఆజ్ఞల్లో "నీ రిజల్యూషన్ ఇంత పెట్టుకో" అనేది ఒకటుంది. దానికి నాలుగు విలువలే ఉంటాయి, అంటే రెండు బిట్లు. ఆ ఆజ్ఞని వరసగా నాలుగుసార్లు ఇస్తే ఎనిమిది బిట్లు, ఒక బైటు. మామూలు మౌసైతే నాలుగుసార్లూ రిజల్యూషన్ మార్చుకుని ఊరుకుంటుంది. సినాప్టిక్స్ పలకైతే అది రహస్య సంకేతమని గుర్తుపట్టి తన అసలు పేరు చెబుతుంది. తలుపు నాలుగుసార్లు ఒక లెక్కలో తడితే లోపలివాళ్ళకి మనవాడే అని తెలిసినట్టు. ఆ తర్వాత దాన్ని అసలు రూపంలోకి మారమంటే, మూడు బైట్ల బదులు ఆరు బైట్ల పాకెట్లు, సెకనుకి 80 దాకా పంపిస్తుంది. అందులో వేలున్న చోటు, ఒత్తిడి, వెడల్పు అన్నీ ఉంటాయి.

ముఖ్యమైన సంగతేమిటంటే, ఈ తట్టే పద్ధతిని సినాప్టిక్స్ ఒక పుస్తకంలా రాసి బయట పెట్టింది. దాన్ని చదివి 1990ల చివర్లో టీపీకాన్ఫిగ్ అనే చిన్న పనిముట్టు తయారుచేశారు. 2001 ప్రాంతంలో స్టెఫాన్ గ్మైనర్ అనే ఆయన ఎక్స్ విండోకి సినాప్టిక్స్ డ్రైవరు మొదలుపెట్టారు. తర్వాత పీటర్ ఓస్టర్‌లుండ్ దాన్ని భుజానికెత్తుకున్నారు.

అప్పుడు 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చింది. అప్పటిదాకా కెర్నెల్ మౌసు బైట్లని ముట్టుకోకుండా పైకి అందించేది, వాటి అర్థమేమిటో ఎక్స్ చూసుకునేది. 2.6లో కెర్నెలే తలుపు తట్టి, పలకతో వేషం విప్పించి, అసలు రూపంలో మాట్లాడించడం మొదలుపెట్టింది. సరైన పనే. కానీ పైన కొత్త డ్రైవరు పెట్టుకోనివాళ్ళకి ఏమైంది? వేలితో తడితే క్లిక్ అవ్వడమనేది అప్పటిదాకా పలకలోని చిప్పు చేసే పని. వేషం విప్పాక ఆ పని సాఫ్టువేరుది. సాఫ్టువేరు లేదు, క్లిక్కూ లేదు. కెర్నెల్ మార్చగానే ప్యాడ్ పాడైందని జనం గగ్గోలు. పాత వేషంలోనే ఉంచమని చెప్పే బూట్ ఆప్షను ఒకటి అప్పట్లో చేతులు మారుతూ తిరిగింది. లినక్సులో "నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ లేదు" అన్న ఫిర్యాదు వెనక తరచూ ఇలాంటి కథే ఉంటుంది. పని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి మారింది, అక్కడ ఎవరూ లేరు.

ఇక కర్సరు గెంతడం. కెర్నెల్ లాగ్‌లో "లాస్ట్ సింక్రనైజేషన్" అన్న సందేశం చూసినవాళ్ళు ఎంతోమంది ఉంటారు. పాకెట్లలో ఒక్క బైటు దారిలో పోయిందనుకోండి. పక్కకి జరిగిన లెక్కని బటన్ల బైటు అనుకుంటాం, పైకి జరిగిన లెక్కని పక్కకి అనుకుంటాం. పాటలో ఒక చరణం తప్పిపోతే బృందం మొత్తం తలో రాగం తీసినట్టు. కర్సరు మూలకి పోతుంది, నొక్కని బటను నొక్కినట్టవుతుంది. ఆ బైటు ఎందుకు పోతుంది? కొన్ని లాప్‌టాపుల్లో బ్యాటరీ ఎంతుందని అడిగిన ప్రతిసారీ బయాసు ప్రాసెసరుని కాసేపు తన చేతుల్లోకి లాక్కునేది. ఆ కాసేపట్లో వచ్చిన బైట్లు తీసుకునే నాథుడు ఉండడు. అంటే, ప్యానెల్లో కూర్చున్న బ్యాటరీ బొమ్మ వల్ల కర్సరు గెంతుతోందన్నమాట! ఈ రెంటికీ చుట్టరికం ఉందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

ఈ బైట్లన్నీ వెళ్ళే ద్వారం పేరు 8042. ఇది 1984 నాటి ఐబీఎం పీసీ/ఏటీలో కీబోర్డు కోసం పెట్టిన ఇంటెల్ చిప్పు. విడి చిప్పుగా అది ఎప్పుడో పోయినా, దాని ఆత్మ మాత్రం లాప్‌టాపుల్లోని వేరే కంట్రోలర్లో చేరి "నేనే 8042ని" అంటూ ఉంటుంది. ఇది ఇంకో వేషం. మూత తీశాక ప్యాడ్ లేవకపోతే చాలాసార్లు తప్పు ఈ వేషగాడిదే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా బాబాయి కొడుకు తెనాలిలో బీటెక్ చదువుతున్నాడు. ఇంట్లో ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ (కంపెనీ పేరు వద్దులెండి) వాడికి చేరింది. నా మాట విని లినక్సు పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా ఫోను.

"అన్నా, కర్సరు పిచ్చెక్కినట్టు వణుకుతోంది. నీ లినక్సుకో దండం."

"ఎప్పుడు వణుకుతోందిరా? ఎప్పుడూనా?"

"కాదు, ఛార్జింగు పెట్టినప్పుడు."

"ప్లగ్గుకి మూడు పిన్నులా, రెండా?"

రెండే. గోడకున్న సాకెట్టు పాతది, అందులోకి మూడు పిన్నుల ప్లగ్గు దూరదని ఒక రెండు పిన్నుల అడాప్టరు మధ్యలో తగిలించాడు. ఎర్తు లేదు. ఎర్తు లేని ఛార్జరు నుంచి వచ్చే చిన్నపాటి విద్యుత్తు రొద లాప్‌టాప్ ఒంటినిండా ఉంటుంది. మనం ముందు చెప్పుకున్నట్టు పలక కొలిచేదే రవ్వంత ఆవేశం. ఆ రొదలో వేలు ఏదో, రొద ఏదో దానికి తెలియదు. ఎర్తున్న సాకెట్టులో పెట్టగానే వణుకు తగ్గిపోయింది. అసలు విషయం ఏంటంటే, ఆ లాప్‌టాపులో అంతకుముందు విండోసు ఉన్నప్పుడూ వణికేదట. అప్పుడు వాడు "పాత డబ్బా" అని లాప్‌టాపుని తిట్టుకునేవాడు. లినక్సు పెట్టాక అదే వణుకుకి లినక్సుని తిట్టాడు. రెండుసార్లు మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేశాడు. కొత్తగా వచ్చినవాడి మీదే నింద పడుతుంది, అది కొత్త కోడలైనా సరే, కొత్త ఆపరేటింగ్ సిస్టమైనా సరే.

అయితే లినక్సు ఏ పాపం ఎరగదని కూడా నేను అనను. ఆ సెట్టింగులు రాసుకునే చోటు ఎన్నిసార్లు మారిందో చూడండి. మొదట ఎక్సార్గ్ కాన్ఫ్ అనే ఫైల్లో రాసేవాళ్ళు. 2007లో వచ్చిన ఎక్స్ సర్వరు 1.4తో పరికరాలు తగిలించగానే గుర్తుపట్టే ఏర్పాటు మొదలై, సెట్టింగులు హాల్ అనే దాని ఎక్సెమ్మెల్ ఫైళ్ళలోకి పోయాయి. 2010లో 1.8 సర్వరు వచ్చేసరికి హాల్‌ని పక్కన పెట్టి ఇంకో డైరెక్టరీలోకి మార్చారు. పదేళ్ళలోపే మూడు ఇళ్ళు. ఒక ఇంట్లో ఉన్నప్పటి సలహాని ఇంకో ఇంట్లో పాటిస్తే ఏమీ జరగదు, కనీసం తప్పని కూడా చెప్పదు. వెతికితే దొరికే సలహాల్లో సగం ఇప్పుడు ఎవరూ లేని ఇళ్ళ చిరునామాలే.

దీనికి తోడు, అందరూ సినాప్టిక్స్ లాగ పుస్తకం బయట పెట్టలేదు. ఆల్ప్స్ కంపెనీ ప్యాడ్లు కొత్తవి వచ్చినప్పుడల్లా కొత్త భాష మాట్లాడేవి. 2010 తర్వాత వచ్చినవాటిలో చాలా లాప్‌టాపుల్లో లినక్సుకి అవి ఉత్త మౌసుల్లాగే కనబడ్డాయి. రెండు వేళ్ళతో స్క్రోలింగు లేదు, అరచేతిని ఆపే దారి లేదు. కొంతమంది ఓపికగా కూర్చుని, విండోసు డ్రైవరు ఆ ప్యాడ్‌తో ఏం మాట్లాడుతోందో పొంచి విని, బైటు బైటూ విడదీసి అర్థం రాసుకున్నారు. కెర్నెల్లో ఆల్ప్స్ భాషలకి 1 నుంచి 8 దాకా నెంబర్లున్నాయంటే ఆ వినికిడి పని ఎంతో ఊహించుకోండి. ఇది జీతానికి చేసినవాళ్ళు కొందరు, తమ సొంత లాప్‌టాప్ బాగుపడాలని చేసినవాళ్ళు కొందరు.

ఈలోగా పలకే మారిపోయింది. 2008 అక్టోబరులో యాపిల్ బటన్లు లేని గాజు ట్రాక్‌ప్యాడ్ తెచ్చింది. పలకంతా ఒకటే బటను. చూసి మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. ఇప్పుడు కుడి క్లిక్కా ఎడమ క్లిక్కా అన్నది వేలు ఎక్కడుందన్న దాన్నిబట్టి సాఫ్టువేరు తేల్చాలి. ఒక వేలు నొక్కుతూ ఇంకో వేలు జరుపుతుంటే రెండిటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ఒక వేలు కోసం కట్టిన పాత డ్రైవరుకి ఒక్కో గది కలుపుతూ పోయారు. డజన్లకొద్దీ ఆప్షన్లు, ఒకటి మారిస్తే ఇంకోటి కదిలేది. ఆ డ్రైవరుని ఏళ్ళ తరబడి చూసుకున్న రెడ్‌హ్యాట్ ఇంజనీరు పీటర్ హటరర్, చివరికి దానికి మరమ్మతులు చెయ్యడం కన్నా కొత్తది కట్టడమే నయమన్న దారిలోకి వచ్చారు. వేలండ్ కోసం జోనాస్ ఓడాల్ మొదలుపెట్టిన లిబ్‌ఇన్‌పుట్ ఆ కొత్త ఇల్లు. 2015 ఆగస్టులో దాని 1.0 వచ్చింది. ఆప్షన్లు తక్కువ. ఇది చాలామందికి కోపం తెప్పించింది. కానీ నాకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. వందమంది వంద రకాలుగా మార్చుకునే డ్రైవరుని ఎవరూ పూర్తిగా పరీక్షించలేరు. ఏదో ఒక లాప్‌టాప్ వింతగా ఉంటే ఆ వింతని క్విర్క్స్ పట్టికలో ఒకసారి రాస్తే, అదే లాప్‌టాప్ ఉన్న అందరికీ బాగవుతుంది.

చివరి మలుపు తమాషా అయినది. వేషాల గోలకి ముగింపు పలికింది ఎక్కువగా మైక్రోసాఫ్ట్. 2013లో విండోసు 8.1తో "ప్రెసిషన్ టచ్‌ప్యాడ్" అని ఒక ప్రమాణం తెచ్చింది. పలక మౌసునని చెప్పుకోనక్కర్లేదు, "నేను పలకని, నా మీద ఇన్ని వేళ్ళున్నాయి" అని అందరికీ అర్థమయ్యే హిడ్ భాషలో చెప్పాలి. ఎక్కువగా ఐ2సీ అనే తీగ మీద చెబుతుంది. ఆ ప్రమాణం బయటే ఉంది కాబట్టి లినక్సు కూడా చదువుకుంది. బెంజమిన్ టిస్వార్ లాంటివాళ్ళు కెర్నెల్లో రాసిన ఒక్క హిడ్-మల్టీటచ్ డ్రైవరే ఎన్నో కంపెనీల ప్యాడ్లని నడిపిస్తుంది. లినక్సు టచ్‌ప్యాడ్ బాగుపడింది లినక్సు మీద ప్రేమతో కాదు, ఒక భాష కాగితం మీదకి ఎక్కడం వల్ల. నన్నడిగితే ఈ చరిత్రంతటిలో నేర్చుకోవాల్సింది ఇదొక్కటే. రాసి బయట పెట్టిన చోట పని నడిచింది. దాచిన చోట మనుషులు ఏళ్ళ తరబడి తలుపుకి చెవి ఆనించి కూర్చున్నారు.

ఇకపోతే ఈ చరిత్రని పనిలో పెట్టడం ఎలా? నేను వెళ్ళే వరస ఇది.

మొదట సాఫ్టువేరు ముట్టుకోను. ఛార్జరు తీసి చూస్తాను, చెయ్యి తుడుచుకుంటాను (మన ఎండాకాలంలో చెమట వేలు కూడా పలకని తికమక పెడుతుంది). పలక పైకి ఉబ్బినట్టుంటే కింద బ్యాటరీ ఉబ్బిందేమోనని చూస్తాను. ఉబ్బితే అక్కడితో వాడటం ఆపెయ్యాలి, అది కర్సరు సమస్య కాదు, మంటల సమస్య.

రెండోది, పేరు అడుగుతాను. "లిబ్‌ఇన్‌పుట్ లిస్ట్-డివైసెస్" ఆజ్ఞ ఇస్తే పరికరాల జాబితా వస్తుంది. అందులో పలక ఉండాల్సిన చోట "పీఎస్/2 జెనెరిక్ మౌస్" అని ఉంటే వేషం ఇంకా విప్పలేదన్నమాట. సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. కొత్త కెర్నెల్ ప్రయత్నించాలి.

మూడోది, పేరు సరిగానే ఉండి మూత తీశాక చస్తుంటే, పీఎస్/2 మీదుందేమో చూస్తాను. పీఎస్‌మౌస్ మాడ్యూల్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తే లేస్తే, తప్పు 8042 వైపుంది. కొన్ని సినాప్టిక్స్ ప్యాడ్ల గురించి కెర్నెలే లాగ్‌లో "ఈ ప్యాడ్ వేరే తీగ మీద కూడా మాట్లాడగలనంటోంది" అన్న అర్థంలో రాస్తుంది, ఏ ఆప్షను పెట్టి చూడాలో కూడా చెబుతుంది. ఆ లాగ్ చదవకుండా ముందుకి పోకూడదు.

నాలుగోది, ఐ2సీ ప్యాడ్ అసలు లేవకపోతే, బయాసు ఇచ్చే వివరాల్లోనో, "వేలు పడింది" అని ప్రాసెసరుని పిలిచే గీతలోనో తేడా ఉండొచ్చు. బయాసూ కెర్నెలూ కొత్తవి చెయ్యడమే మొదటి మందు. అన్నీ బాగుండి తడితే క్లిక్ మాత్రం అవ్వకపోతే, అది జబ్బే కాదు. లిబ్‌ఇన్‌పుట్ దాన్ని మామూలుగా ఆపి ఉంచుతుంది. సెట్టింగుల్లో ఒక్క టిక్కు చాలు.

ఈ వరసలో ఎక్కడా "మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి" లేదు, గమనించారా? అయినా బాగవకపోతే "లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్" తో పలక పంపే సంగతులని ఫైల్లో పట్టి, లాప్‌టాప్ మోడలు పేరుతో సహా బగ్ రిపోర్టు పెట్టండి. ఒక గంట పని. క్విర్క్స్ పట్టికలో ఉన్న ఒక్కో వరసా ఎక్కడో ఎవరో విసుగు దిగమింగి ఇలా కూర్చోవడం వల్ల వచ్చిందే. మీ లాప్‌టాప్ పేరు అందులోకి ఎక్కితే, అదే మోడలు కొనుక్కున్న ముక్కూమొహం తెలియని ఏ కుర్రాడో లినక్సు పెట్టుకుని, కర్సరు గెంతకపోతే, అందులో వింతేముందన్నట్టు పని చేసుకుంటూ పోతాడు. మీ గంట సంగతి వాడికి తెలియదు, తెలియక్కర్లేదు కూడా.